కడప నుంచి కువైట్‌కు ఎంతసేపు?

(కడపలోని ఒక గ్రంథాలయ సభలో, భూగోళశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన అధ్యాపకుడు చేసిన ప్రసంగం. సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో ఉన్నవారికి వినబడుతోందా? వినబడకపోతే చెయ్యి ఎత్తండి, మైకు ఇంకా దగ్గరకు జరుపుకుంటాను. పిల్లలు ముందుకు వచ్చి కూర్చోండి. ఈ గోళాన్ని, ఈ దారపు ఉండను మీకు చూపించడానికే తెచ్చాను.

ముందు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. చెన్నై నుంచి కువైట్‌కు విమానంలో ఎంతసేపు పడుతుంది? కడప, రాయచోటి, రాజంపేట, కోడూరు... ఈ చుట్టుపక్కల కువైట్‌లో బంధువులు లేని వీధి ఉంటుందా? కాబట్టి ఇది మీకు తెలిసిన లెక్కే. చెప్పండి. ఆ అమ్మ రెండున్నర గంటలు అంటున్నారు. ఇక్కడ ఈ పెద్దాయన ఐదు గంటలు అంటున్నారు. కిటికీ దగ్గర ఎవరో ఏడు గంటలు అన్నారు. మంచిది. ముగ్గురూ ఊహించి చెప్పలేదు, టికెట్ చూసే చెప్పారు. మరి ఒకే ఆకాశంలో, ఒకే రకం విమానంలో, అవే రెండు ఊళ్ల మధ్య మూడు సమాధానాలు ఎలా వచ్చాయి?

ఉదాహరణకు ఒక టికెట్ తీసుకుందాం. చెన్నైలో తెల్లవారుజామున 2 గంటలకు బయలుదేరుతుంది, కువైట్‌లో 4 గంటల 40 నిమిషాలకు దిగుతుంది. తీసివేత చేయండి. 2 గంటల 40 నిమిషాలు. తిరుగు ప్రయాణం చూడండి. కువైట్‌లో రాత్రి 10 గంటలకు బయలుదేరి చెన్నైలో ఉదయం 5 గంటలకు దిగుతుంది. తీసివేత చేస్తే ఏడు గంటలు. ఇంట్లో పెద్దవాళ్లు కంగారు పడతారు. పోయేటప్పుడు అంత తొందరగా పోయినవాడు వచ్చేటప్పుడు ఎందుకు ఇంత ఆలస్యం అవుతున్నాడు, మధ్యలో ఎక్కడైనా దింపుతారా అని. ఎక్కడా దింపరు. టికెట్ మీద వేసే ప్రతి సమయమూ ఆ ఊరి గడియారం ప్రకారం వేస్తారు. చెన్నై పక్కన చెన్నై సమయం, కువైట్ పక్కన కువైట్ సమయం. కువైట్ గడియారం మన గడియారం కంటే రెండున్నర గంటలు వెనక ఉంటుంది. అందుకని వెళ్లేటప్పుడు ఆ రెండున్నర కలపాలి. అప్పుడు 5 గంటల 10 నిమిషాలు. వచ్చేటప్పుడు ఆ రెండున్నర తీసేయాలి. అప్పుడు నాలుగున్నర గంటలు.

సరే. గడియారం చిక్కు విడిపోయింది. అయినా ఇంకొకటి మిగిలింది, గమనించారా? వెళ్లడానికి 5 గంటల 10 నిమిషాలు, రావడానికి నాలుగున్నర. దూరం అదే కదా? మరి ఆ 40 నిమిషాలు ఎక్కడికి పోయాయి? దాని దగ్గరకు వస్తాను. ముందు దూరం సంగతి చూడాలి.

దూరం అంటే ఏమిటి? కడప నుంచి హైదరాబాదు ఎంత దూరం అంటే మీరందరూ నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు అంటారు. అది రోడ్డు దూరం. మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల, ఓర్వకల్లు మీదుగా కర్నూలు దాకా ఇంచుమించు రెండు వందలు. అక్కడ తుంగభద్ర దాటి జడ్చర్ల మీదుగా మరో రెండు వందల పైన. మరి విమానానికి? ఈ లెక్క మీరే చేయగలరు, ఫోను అవసరం లేదు. పిల్లలూ, కాగితం తీయండి. కడప 14.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. శంషాబాద్ విమానాశ్రయం 17.2 డిగ్రీల మీద ఉంది. రేఖాంశాలు చూస్తే కడప 78.8, శంషాబాద్ 78.4. అంటే దాదాపు ఒకే నిలువు గీత మీద ఉన్నాయి. హైదరాబాదు మనకు ఇంచుమించు సూటిగా ఉత్తరాన ఉందన్నమాట. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. దాన్ని 360 డిగ్రీలతో భాగిస్తే డిగ్రీకి 111 కిలోమీటర్లు వస్తుంది. అక్షాంశాల తేడా 2.7 డిగ్రీలు. గుణించండి. మూడు వందలు! రోడ్డు మీద నాలుగు వందల పైచిలుకు అయినది ఆకాశంలో మూడు వందలే. ఆ తేడా ఎందుకు వచ్చింది? నల్లమల అడ్డం వస్తుంది. నదిని ఎక్కడ పడితే అక్కడ దాటలేము. రోడ్డు ఊళ్లను కలుపుకుంటూ పోవాలి. పోవద్దంటే ఆళ్లగడ్డ వాళ్లు ఒప్పుకుంటారా?

విమానం నడిపేవాళ్లు దూరాన్ని కిలోమీటర్లలో కాకుండా నాటికల్ మైళ్లలో కొలుస్తారు. ఎందుకో తెలుసా? ఒక డిగ్రీని అరవై భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. పటం మీద డిగ్రీలు చూసిన వెంటనే దూరం తెలిసిపోతుంది. రెండు డిగ్రీలు అంటే నూట ఇరవై మైళ్లు. వాళ్ల కొలబద్ద భూమే.

ఈ డిగ్రీకి 111 అనే అంకె మనకు ఎవరిచ్చారు? ఈ మాట రాయలసీమలో నిలబడి చెబుతున్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. ఆ కొలతలో మన నేలకు భాగం ఉంది. 1802 ఏప్రిల్ 10న విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి మద్రాసులోని సెయింట్ థామస్ మౌంట్ దగ్గర వంద అడుగుల ఉక్కు గొలుసుతో నేల మీద ఒక గీతను కొలవడం మొదలుపెట్టాడు. గొలుసు ఎండకు సాగుతుంది కాబట్టి దాని మీద నీడ పరచి, ఉష్ణోగ్రత రాసుకుంటూ కొలిచారు. ఆ ఆధార రేఖ నుంచి త్రిభుజం మీద త్రిభుజం కట్టుకుంటూ, కొండ మీద నుంచి కొండను చూసుకుంటూ దేశమంతా కొలిచారు. అందులో ముఖ్యమైన వరుస 78వ రేఖాంశం వెంబడి దక్షిణం నుంచి ఉత్తరానికి సాగింది. కర్నూలు నగరం ఆ రేఖాంశం పక్కనే ఉంటుంది. 1811లో మన అనంతపురం జిల్లా గుత్తి దగ్గర మరో ఆధార రేఖ కొలిచారు. గుత్తి అంటే మనకు కోట గుర్తుకు వస్తుంది, రైల్వే జంక్షన్ గుర్తుకు వస్తుంది. భూమి ఎంత వంపు తిరిగి ఉందో లెక్కగట్టిన వరుసలో గుత్తి ఉందని ఎంతమంది పిల్లలకు చెబుతున్నాము? చెప్పాలి. లాంబ్టన్‌కు భూమి శిస్తు లెక్కల కంటే భూమి ఆకారం మీద ఆసక్తి ఎక్కువ. డిగ్రీ అన్ని చోట్లా ఒకే పొడవు ఉండదు. భూమధ్యరేఖ దగ్గర 110.6 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 111.7. ధ్రువాల దగ్గర భూమి కొంచెం నొక్కుకొని ఉండటమే కారణం. ఇంకో మాట. ఆయన మొదటి గీత గీసిన సెయింట్ థామస్ మౌంట్ పక్కనే ఇవాళ చెన్నై విమానాశ్రయం ఉంది. మన కువైట్ విమానం లేచేది అక్కడి నుంచే.

ఇప్పుడు ఈ గోళం చూడండి. కడప–హైదరాబాదు మూడు వందల కిలోమీటర్లే కాబట్టి భూమి గుండ్రంగా ఉన్నా బల్లపరుపుగా ఉన్నా లెక్కలో పెద్ద తేడా రాదు. దూరం వేలల్లోకి పోతే అలా కుదరదు. బాబూ, నువ్వు రా. ఈ దారం ఒక కొస బెంగళూరు మీద పట్టుకో. రెండో కొస అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో మీద నేను పట్టుకుంటాను. వదులు లేకుండా లాగు. దారం ఎటు పోయింది? అందరికీ కనబడేలా తిప్పు. ఉత్తర ధ్రువం దగ్గరకు పోయింది! గోడ మీద వేలాడే పటంలో చూస్తే పసిఫిక్ సముద్రం మీద అడ్డంగా పోవాలి అనిపిస్తుంది. బిగించిన దారం అలా పోదు. ఎందుకంటే ఈ రెండు ఊళ్లు భూమికి దాదాపు ఎదురెదురు వైపుల ఉన్నాయి. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా విమానం శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు సరిగ్గా ఇలాగే ఉత్తర ధ్రువం మీదుగా వచ్చింది. సుమారు 14,000 కిలోమీటర్లు. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో నడిపినవాళ్లందరూ మహిళలే. వాళ్లలో పాపగారి తన్మయి అనే మన తెలుగు కెప్టెన్ కూడా ఉన్నారు. ఆడపిల్లలు ఈ పేరు రాసుకోండి.

బిగించిన దారం చూపించేదే అతి దగ్గర దారి. ఇప్పుడు అదే దారం చెన్నై నుంచి కువైట్‌కు పెడదాం. కువైట్ 29 డిగ్రీల అక్షాంశం, 48 డిగ్రీల రేఖాంశం. ఈ లెక్క నోటితో చేసేది కాదు, త్రికోణమితి కావాలి. ఇంటర్మీడియట్ పిల్లలు సైన్లు, కొసైన్లు ఎందుకు పనికొస్తాయని అడుగుతుంటారు కదా, ఇందుకు పనికొస్తాయి. లెక్క చేస్తే 3,800 కిలోమీటర్లకు కొద్దిగా తక్కువ వస్తుంది. హైదరాబాదు నుంచి అయితే 3,400 లోపు. విమానం ఈ దారం మీదే కచ్చితంగా పోతుందా? పోదు. ఆకాశంలో కూడా నిర్ణయించిన మార్గాలు ఉంటాయి, ఏ దేశం గగనతలంలోకి పోవాలన్నా అనుమతి ఉండాలి. 2019 ఫిబ్రవరి చివరి నుంచి జూలై మధ్య వరకు పాకిస్తాన్ తన గగనతలాన్ని మూసినప్పుడు, మళ్లీ 2025 ఏప్రిల్‌లో భారతీయ విమానాలకు మూసినప్పుడు, ఢిల్లీ నుంచి పడమటికి పోయే విమానాలు చుట్టూ తిరిగి పోవలసి వచ్చింది. ఊళ్లు కదలలేదు, దూరం పెరిగింది. మన చెన్నై విమానం అరేబియా సముద్రం మీదుగా పోతుంది కాబట్టి ఆ మూత వల్ల దానికి అంత ఇబ్బంది లేదు.

సరే, ఇప్పుడు ఆ 40 నిమిషాల దగ్గరకు వద్దాం. అది గాలి పని.

విమానం వేగం గంటకు 830 కిలోమీటర్లు అంటాము. దేనితో పోల్చి 830? నేలతోనా? కాదు. చుట్టూ ఉన్న గాలితో పోల్చి. ఆ గాలి కదులుతూ ఉంటే విమానం దానితో పాటు కొట్టుకుపోతుంది. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో గాలి మామూలు గాలి కాదు. చలికాలంలో ఉత్తర భారతం మీద, అరేబియా ఉత్తర భాగం మీద పడమర నుంచి తూర్పుకు జెట్ ప్రవాహం, అంటే నదిలా సాగే బలమైన పైగాలి, వీస్తుంది. గంటకు 150, 200 కిలోమీటర్ల వేగం కూడా అందుకుంటుంది. చెన్నై దగ్గర దాని బలం తెలియదు. ఒమన్ దాటి గల్ఫ్ వైపు పోయేకొద్దీ తెలుస్తుంది. వెళ్లేటప్పుడు ఎదురు కొడుతుంది, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది.

లెక్క చేద్దాం. దూరం 3,800 అనుకోండి. దారి పొడవునా సగటున గంటకు 80 కిలోమీటర్ల ఎదురుగాలి అనుకోండి. 830లో 80 పోతే 750. 3,800ను 750తో భాగిస్తే 5 గంటల 4 నిమిషాలు. వచ్చేటప్పుడు అదే గాలి కలిసి వస్తుంది. 910. భాగిస్తే 4 గంటల 10 నిమిషాలు. చూశారా, దాదాపు గంట తేడా! ఇప్పుడు ఒక మెలిక అడుగుతాను. పోయేటప్పుడు గాలి వల్ల నష్టపోయినది వచ్చేటప్పుడు గాలి వల్లే తిరిగి వస్తుంది కదా, మొత్తం మీద సమానం కావాలి కదా? చాలామంది అవుతుందనే అంటారు. కూడి చూడండి. గాలితో రానూపోనూ 9 గంటల 14 నిమిషాలు. అసలు గాలే లేకపోతే? రెండు వైపులా 7,600 కిలోమీటర్లు, 830తో భాగిస్తే 9 గంటల 9 నిమిషాలు. గాలి ఉన్నప్పుడు ఎక్కువ పట్టింది! ఎందుకు? ఎదురుగాలిలో ఎక్కువ సేపు ఉంటాము, కలిసొచ్చే గాలిలో తక్కువ సేపు ఉంటాము. నష్టం జరిగే సమయం పొడుగు, లాభం వచ్చే సమయం పొట్టి. గాలి ఎంత పెరిగితే ఈ తేడా అంత పెరుగుతుంది. పిల్లలు ఇంటికి వెళ్లి 80కి బదులు 160 వేసి చేయండి.

ఏడాదంతా పడమటి గాలేనా? కాదు. వానాకాలంలో మన దక్షిణాది మీద పైగాలి తిరగబడుతుంది. జూలై, ఆగస్టు నెలల్లో తూర్పు నుంచి పడమరకు ఇంకో జెట్ ప్రవాహం వీస్తుంది, సుమారు 15 డిగ్రీల అక్షాంశం పరిసరాల్లో. 15 డిగ్రీలు అంటే ఎక్కడ? మన నెత్తి మీదే! దాని గురించి 1958లో శాస్త్ర ప్రపంచానికి వివరించినవారు పి. కోటేశ్వరం గారు. తరువాత భారత వాతావరణ శాఖకు అధిపతి అయ్యారు. మన ఋతుపవనాలతో ముడిపడిన ప్రవాహం అది. విమానాలు ఎగిరే ఎత్తు కంటే దాని నడిబొడ్డు కొంచెం పైనే ఉంటుంది, అయినా దాని ప్రభావం కింద దాకా తెలుస్తుంది. అందుకే ఆ నెలల్లో చెన్నై నుంచి పడమటికి పోయే విమానానికి దారిలో కొంత భాగం గాలి కలిసి వస్తుంది. కాబట్టి "చెన్నై–కువైట్ ఎంతసేపు" అని అడిగితే ఏ నెలలో, ఎటు వైపు అని ఎదురు ప్రశ్న వేయడం న్యాయమే.

ఇంకొక్క సంగతి చెప్పి ఈ లెక్కలు ఆపేస్తాను, విసుగు రాలేదు కదా? టికెట్ మీద వేసే సమయం ఎగిరే సమయం కాదు. విమానం నిలిచిన చోటు నుంచి కదిలిన క్షణం మొదలు, అవతల ఊళ్లో నిలిచి చక్రాలకు అడ్డు పెట్టే దాకా లెక్క. దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా పోవడం, వరుసలో ఆగడం, అవతల దిగడానికి చోటు కోసం ఆకాశంలో తిరగడం, అన్నీ అందులో కలుస్తాయి. పైగా ఆలస్యం కాకూడదని కొంచెం వెసులుబాటు కూడా కలుపుతారు. కడప–హైదరాబాదు మూడు వందల కిలోమీటర్లు. మన దగ్గరకు ఎక్కువగా వచ్చేది ఏటీఆర్, రెక్కలకు పంకాలుండే విమానం, గంటకు 500 కిలోమీటర్లు పోతుంది. భాగిస్తే 36 నిమిషాలు రావాలి. టికెట్ మీద గంట, గంటా పది నిమిషాలు ఉంటుంది. మోసం ఏమీ లేదు. ఎక్కడానికి, దిగడానికి వేగం తగ్గాలి, మిగిలినది నేల మీద నడక. మరి మాకు పెద్ద జెట్ విమానం ఎందుకు పంపరు అని అడుగుతారు. పెద్ద జెట్‌కు పొడుగు రన్‌వే కావాలి. కర్నూలు విమానాశ్రయం ఓర్వకల్లులో ఉంది కదా, దాని రన్‌వే రెండు వేల మీటర్లు. అందులోనూ మన ఎండలు! వేడికి గాలి పలచబడుతుంది, పలచటి గాలిలో రెక్కకు ఎత్తే బలం తగ్గుతుంది, లేవడానికి ఇంకా ఎక్కువ దూరం పరుగెత్తాలి. మే నెల మధ్యాహ్నం కర్నూలులో లేచే విమానానికి, జనవరి ఉదయం లేచే విమానానికి ఈ విషయంలో చాలా తేడా ఉంటుంది.

మన సమయం ఎక్కడ పోతోంది

నేను అసలు చెప్పదలచుకున్నది ఇప్పుడు చెబుతాను. గడియారం, భూమి వంపు, గాలి, ఇవన్నీ తెలుసుకోవాలి. కానీ మన ఇంటి నుంచి చూడండి. ఇంటి నుంచి ఇంటికి.

కడప నుంచి హైదరాబాదుకు విమానంలో పోతే: ఇంటి నుంచి విమానాశ్రయానికి అరగంట. గంటకు పైగా ముందే అక్కడ ఉండాలి. విమానం గంటా పది నిమిషాలు. శంషాబాద్‌లో దిగి, పెట్టె తీసుకొని నగరంలో ఇల్లు చేరడానికి గంటన్నర. మొత్తం నాలుగు గంటలకు పైమాటే. మూడు వందల కిలోమీటర్లను నాలుగుతో భాగించండి. గంటకు 75 కిలోమీటర్లు! ఆకాశంలో అయిదు వందల వేగంతో పోయిన విమానం ఇంటి నుంచి ఇంటికి లెక్క వేస్తే 75కు వచ్చింది. అయినా రోడ్డు మీద కారులో ఏడు గంటలు పడుతుంది కాబట్టి మూడు గంటలు మిగిలాయి. రోగిని తీసుకుపోయేవారికి ఆ మూడు గంటలు ఎంత విలువైనవో చెప్పనక్కరలేదు.

ఇక కువైట్. కడపలో బయలుదేరి రాజంపేట, కోడూరు, రేణిగుంట, పుత్తూరు మీదుగా చెన్నై విమానాశ్రయానికి రోడ్డు మీద ఆరు గంటలు వేసుకోండి. అంతర్జాతీయ విమానానికి మూడు గంటలు ముందే ఉండాలి. విమానం అయిదు గంటల పైన. అవతల ఇమ్మిగ్రేషన్, సామాను, గదికి చేరడం, గంటన్నర. పదిహేను, పదహారు గంటలు. అందులో విమానం గాలిలో ఉన్నది మూడో వంతు! రెండు వంతులు నేల మీదే పోయాయి.

అయ్యా, ఇది గమనించండి. విమానం వేగం రెట్టింపు అయిందనుకుందాం. ఎంత మిగులుతుంది? రెండున్నర గంటలు. అదే కడప నుంచి చెన్నైకి సమయం కుదిరిన చిన్న విమానం ఒకటి ఉంటే? కడప–చెన్నై నేరుగా కొలిస్తే 230 కిలోమీటర్ల లోపే. ఆరు గంటల రోడ్డు ప్రయాణం పోతుంది. విమానాశ్రయంలో నిరీక్షణ కూడా ఒక్కసారితో సరిపోతుంది. విమానాలు రావడం, ఆగిపోవడం మన కడపకు కొత్త కాదు. 2015లో ఈ విమానాశ్రయం మొదలైంది. 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లకు తక్కువ ధరకు విమానాలు నడిపే కేంద్ర ప్రభుత్వ ఉడాన్ పథకం తొలి విమానాలు షిమ్లా–ఢిల్లీ మధ్య లేచినప్పుడు, అదే రోజు కడప–హైదరాబాదు విమానం కూడా లేచింది. దేశంలో తొలి మూడు ఉడాన్ మార్గాల్లో మనది ఒకటి. ఆ పథకం పెట్టిన ధర గుర్తుందా? సుమారు గంట ప్రయాణానికి, అంటే అయిదు వందల కిలోమీటర్లకు, నిర్ణీత సీట్లకు 2,500 రూపాయలు. ఓర్వకల్లులో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టిన విమానాశ్రయం 2021 మార్చిలో మొదలై బెంగళూరు, చెన్నై, విశాఖపట్నాలకు విమానాలు నడిచాయి. కర్నూలు నుంచి విశాఖకు రోడ్డు మీద ఏడు వందల కిలోమీటర్లు, ఆకాశంలో ఆరు వందల లోపు. అక్కడ విమానం నిజంగా ఒక రోజు మిగులుస్తుంది.

విమానం ఉందా లేదా అని మాత్రమే అడిగి మనం ఊరుకుంటున్నాము. ఎన్ని గంటలకు ఉంది, అవతల ఏ విమానాన్ని అందుకుంటుంది అని అడగాలి. మధ్యాహ్నం చెన్నైలో దింపి, తెల్లవారుజామున రెండు గంటల కువైట్ విమానానికి పన్నెండు గంటలు కూర్చోబెట్టే విమానం వల్ల మన కూలివాళ్లకు ఏమి లాభం? ప్రజాప్రతినిధులకు అర్జీలు ఇచ్చేటప్పుడు వేళలు కూడా రాసి ఇవ్వండి. ఈ జిల్లా నుంచి వారానికి ఎంతమంది ఏ రాత్రి చెన్నైకి పోతున్నారో ట్రావెల్స్ వాళ్లకు తెలుసు, వాళ్లను కూర్చోబెట్టి లెక్క తీయండి. ఆ కాగితం చేతిలో ఉంటే మాట బలంగా ఉంటుంది.

సభికుల ప్రశ్నలు

ఒక కుర్రవాడు మంచి ప్రశ్న అడిగాడు. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కదా, విమానం పైకి లేచి ఊరికే ఆగితే కువైటే మన కిందికి వస్తుంది కదా అని. రైల్లో పోతూ వేరుశనగ కాయ ఒకటి పైకి విసిరావనుకో, అది వెనక బోగీలో పడుతుందా? నీ చేతిలోనే పడుతుంది. రైలుతో పాటు దానికీ అదే వేగం ఉంది. అలాగే భూమితో పాటు గాలి, గాలితో పాటు విమానం తిరుగుతున్నాయి. రాకపోకల తేడాకు కారణం గాలి వీచే తీరు, భూమి మనల్ని వదిలేసి తిరగడం కాదు.

భారతదేశ సమయం ఎక్కడిది అని ఇంకొకరు అడిగారు. 82.5 డిగ్రీల రేఖాంశానిది. మన రాష్ట్రంలో అది కాకినాడకు కొద్దిగా తూర్పున, తుని పరిసరాల మీదుగా పోతుంది. 1906 నుంచి అదే అమలు. అంతకు ముందు రైళ్లు మద్రాసు సమయం ప్రకారం నడిచేవి. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి డిగ్రీకి నాలుగు నిమిషాలు లెక్క. కాబట్టి కడపలో సూర్యుడు గడియారం కంటే పావుగంట ఆలస్యం. కడపకు, కువైట్‌కు సూర్యుడి లెక్కలో తేడా రెండు గంటల మూడు నిమిషాలే. గడియారంలో రెండున్నర.

ఆ వెనక కూర్చున్న పెద్దాయన ప్రశ్న నాకు చాలా ముఖ్యంగా అనిపించింది. రంజాన్ నెలలో సాయంత్రం విమానంలో పడమటికి పోతుంటే పొద్దు ఎప్పటికీ గుంకడం లేదు, ఉపవాసం ఎప్పుడు విడవాలి అని. ధర్మం చెప్పవలసింది మత పెద్దలు, నేను సూర్యుడి లెక్క మాత్రమే చెబుతాను. మీకు కనబడింది నిజమే. 20 డిగ్రీల అక్షాంశం దగ్గర భూమి ఉపరితలం గంటకు సుమారు 1,570 కిలోమీటర్లు తిరుగుతుంది. మీరు 830 వేగంతో సూర్యుడి వెంట పరుగెత్తుతున్నారు. అంటే సూర్యుడు మామూలు కంటే సగం వేగంతో దిగుతున్నట్టు ఉంటుంది. నేల మీద అరగంటలో అయ్యే సంధ్య అక్కడ గంట సాగుతుంది. పైగా పదకొండు కిలోమీటర్ల ఎత్తు నుంచి దిగంతం 370 కిలోమీటర్ల అవతల ఉంటుంది, కాబట్టి కింద ఊళ్లలో పొద్దు గుంకినా మీకు ఇంకా కనబడుతుంది. చెన్నైలో ఎన్ని గంటలకు విడుస్తారో ఆ సమయం పట్టుకుంటే లెక్క కుదరదు. ప్రయాణానికి ముందే మీ పెద్దలను అడిగి పెట్టుకోండి.

దీనికి తిరుగు ప్రయాణం సంగతి కూడా చెప్పాలి, ఇది మీ అందరికీ నా విన్నపం. తూర్పుకు వచ్చేటప్పుడు రాత్రి కుదించుకుపోతుంది. కువైట్‌లో రాత్రి పదికి ఎక్కిన మనిషి చెన్నైలో ఉదయం అయిదుకు దిగుతాడు. అతని ఒంటికి అప్పుడు అర్ధరాత్రి రెండున్నర. పని ముగించి, పెట్టెలు కట్టి, మూడు గంటలు ముందే విమానాశ్రయానికి చేరినవాడు. నిద్ర లేదు. తీసుకురావడానికి మనం కడప నుంచి పంపిన డ్రైవరు కూడా రాత్రంతా బండి నడుపుకుంటూ వచ్చినవాడే. ఆ ఇద్దరినీ కూర్చోబెట్టి వెంటనే 260 కిలోమీటర్లు నడిపిస్తాము, ఎందుకంటే ఇంట్లో అమ్మ ఎదురు చూస్తోంది. రేణిగుంట దాటాక బాలపల్లె అడవి దారిలో ఆ వేళకు కళ్లు మూతలు పడతాయి. దయచేసి అలా చేయవద్దు. ఇద్దరు డ్రైవర్లను పంపండి. అది కుదరకపోతే చెన్నైలోనే ఒక గది తీసుకొని నాలుగు గంటలు నిద్రపోయి బయలుదేరమనండి, లేదా రేణిగుంట దాకా వచ్చి రైలు ఎక్కమనండి. డ్రైవరు భోజనానికి, పడకకు డబ్బు ముందే ఇచ్చి పంపండి.